గడ్డ తీసేసిన తరువాత మూడో రోజున మెదడు ఎందుకు వాచింది?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ఒకసారి చెప్పుకుని మొదలుపెడతాను. బీపీ, షుగరు రెండూ ఉన్న మీ మామగారికి ఉన్నట్టుండి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి మాట పోయింది. 108 అంబులెన్సులో ఎల్‌బీ నగర్ నుంచి నాలుగు గంటలు నిండకముందే ఆసుపత్రికి చేర్చారు. అక్కడ మెదడు ధమనిని పూడ్చేసిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, ఆ వెంటనే తొడ దగ్గరి ధమనిలోంచి క్యాథెటర్ అనే సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగేశారు. మర్నాటికి చెయ్యి కొంచెం కదిలింది కూడా. అయితే మూడో రోజుకు మగత కమ్మింది, సీటీ స్కాన్‌లో మెదడు ఎడమ భాగం ఉబ్బిందన్నారు, ఐదో రోజుకు జ్వరం, న్యుమోనియా వచ్చాయి. ఒక డాక్టరుగారు రోగనిరోధక కణాలు మెదడు మీద విరుచుకుపడటం వల్ల ఈ వాపు వచ్చిందన్నారు, ఇంకొకరు పక్షవాతం వల్ల ఇమ్యూనిటీ పడిపోయింది కాబట్టే న్యుమోనియా పట్టుకుందన్నారు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయి, మొదటిది నిజమైతే స్టెరాయిడ్ ఎందుకు ఇవ్వలేదు, రెండోది నిజమైతే ఇప్పుడు బంధువులు తెచ్చిన ఇమ్యూనిటీ పొడి ఇవ్వవచ్చా అన్నవి మీ సందేహాలు.

రెండు మాటలూ నిజమే. మెదడు లోపల గాయమైన చోట రోగనిరోధక కణాలు అవసరానికి మించి రెచ్చిపోతాయి. అదే వారంలో మిగిలిన ఒంట్లో, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో, అవి చాలినంతగా పనిచేయవు. ఈ రెండు పరిస్థితుల మధ్య సరిహద్దు మెదడులోని రక్తనాళపు గోడ. అందుచేత ముందు ఆ గోడ సంగతి, తరువాత కణాల సంగతి చెబుతాను. నేను చాలా ఏళ్లు వైద్య కళాశాలలో పాథాలజీ బోధించినవాణ్ణి, మీ మామగారి స్కాన్లు చూసినవాణ్ణి కాదు. కాబట్టి ఇది జరిగినదాన్ని అర్థం చేసుకోవడానికే తప్ప, వైద్యం చేసినవారి నిర్ణయాలను తప్పుపట్టడానికి కాదు.

ఒంటి బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే అయినా, ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి, పైగా ఆక్సిజన్‌ను గానీ గ్లూకోజును గానీ నిల్వ చేసుకునే ఏర్పాటు దానికి లేదనే చెప్పాలి. మామూలుగా 100 గ్రాముల మెదడు కణజాలానికి నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20కి దిగితే న్యూరాన్లు, అంటే నాడీకణాలు, పని ఆపేస్తాయి కానీ ప్రాణంతోనే ఉంటాయి; 10 దరిదాపులకు పడిపోతే చావు మొదలవుతుంది. పని ఆగినా ప్రాణం పోని ఆ అంచు భాగాన్నే పెనంబ్రా అంటారు. పెద్ద ధమని పూడుకున్నప్పుడు నిమిషానికి సగటున 19 లక్షల న్యూరాన్లు నశిస్తాయని 2006లో ఒక లెక్క వేశారు. మీ మామగారి విషయంలో నాలుగు గంటల తరువాత గడ్డ తీసినా చెయ్యి కదిలిందంటే, పక్కనున్న చిన్న ధమనులు అంతసేపూ పెనంబ్రాకు కొంత రక్తం అందిస్తూ వచ్చాయన్నమాట.

ఇక గోడ నిర్మాణం. కండరంలోనో చర్మంలోనో ఉండే కేశనాళికల గోడ నీటినీ, చిన్న అణువులనూ సులువుగానే పోనిస్తుంది. మెదడులో అలా కుదరదు. నాళం లోపలి పొరగా పరుచుకున్న ఎండోథీలియల్ కణాలు క్లాడిన్-5, ఆక్లూడిన్ వంటి ప్రొటీన్ల సాయంతో సందు లేకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటి వెలుపల కొలాజెన్, లామినిన్‌లతో ఏర్పడిన పలుచని ఆధార పొర ఉంటుంది. ఆ పొరలో ఒదిగి, నాళాన్ని చుట్టుకుని పెరిసైట్లు అనే కణాలు ఉంటాయి. అన్నిటికీ బయట ఆస్ట్రోసైట్లు అనే మెదడు సహాయక కణాల పాదాలు నాళాన్ని దాదాపు పూర్తిగా కప్పేస్తాయి. రక్తంలో తిరిగే ప్రొటీన్లు, కణాలు ఈ అవరోధాన్ని దాటి మెదడులోకి రావడం ఆరోగ్యవంతుల్లో చాలా అరుదు. ఈ కణాలన్నిటినీ న్యూరాన్‌తో కలిపి ఒకే యూనిట్‌గా చూడాలన్న ఆలోచన 2001 ప్రాంతంలో స్థిరపడింది. న్యూరాన్‌ను ఒక్కదాన్నే కాపాడే మందుల కోసం అంతకు ముందు ఏళ్ల తరబడి జరిగిన వెదుకులాట ఫలించకపోవడం కూడా అందుకు ఒక కారణం.

రక్తం ఆగిన కొద్ది నిమిషాల్లోనే కణాల్లో శక్తినిచ్చే ఏటీపీ తరిగిపోతుంది, సోడియంను బయటికి తోడే పంపులు ఆగిపోతాయి, సోడియం వెంట నీరు కణాల లోపలికి చేరి అవి ఉబ్బుతాయి. ఎంఆర్‌ఐ డిఫ్యూజన్ చిత్రంలో తెల్లగా మెరుస్తూ కనిపించేది ఈ దశే. అయితే ఇందులో నీరు కణాల మధ్య ఉన్న చోటు నుంచి కణాల లోపలికి మారిందే తప్ప బయటి నుంచి కొత్తగా వచ్చింది తక్కువ. అందువల్ల మొదటి రోజు స్కాన్‌లో మెదడు పరిమాణం పెద్దగా పెరిగినట్టు కనబడదు. ఇంటివాళ్లు 'మొదటి రోజు స్కాన్ బాగానే ఉందన్నారు కదా' అని నిలదీసేది ఇక్కడే. మెదడు నిజంగా ఉబ్బాలంటే రక్తంలోంచి నీరు దిగాలి, అది జరగాలంటే గోడ కారాలి.

గోడ కారడం ఒక్కసారిగా జరిగేది కాదు. ఎలుకల్లో చూసినదాన్ని బట్టి, తొలి గంటల్లో ఎండోథీలియల్ కణాలు ప్లాస్మా ప్రొటీన్లను చిన్న చిన్న బుడగల్లో నింపుకుని తమ గుండానే అవతలికి దాటించడం మొదలుపెడతాయి. కణాల మధ్య అతుకులు నిజంగా ఊడిపోవడం రోజు దాటాక, రెండో రోజు ప్రాంతంలో జరిగే పని. ఆ అతుకులనూ, వాటి కింది ఆధార పొరనూ కోసేవి ఎంఎంపీ అనే ఎంజైములు. ముందుగా పనిచేసే ఎంఎంపీ-2 వల్ల కలిగే నష్టం చాలావరకు సర్దుకుంటుంది. తరువాత పెద్ద మొత్తంలో వచ్చే ఎంఎంపీ-9 చేసే నష్టం అంత తేలికగా సర్దుకోదు. గోడ మరీ బలహీనపడితే నీరే కాదు, ఎర్ర రక్తకణాలు కూడా బయటికి వచ్చి, గడ్డ వల్ల వచ్చిన పక్షవాతం కాస్తా రక్తస్రావంగా మారుతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు 4.5 గంటల గడువు పెట్టడంలో ఉన్న భయాల్లో ఇదొకటి: గడ్డ కరిగేసరికి అవతల గోడ నిలిచి ఉండాలి. షుగరు ఎక్కువగా ఉన్నవారిలో ఈ గోడ ముందే కొంత దెబ్బతిని ఉంటుంది, రక్తస్రావం అపాయం కూడా వారిలో ఎక్కువ. ఆసుపత్రిలో గంట గంటకూ షుగరు చూడటం మీకు అతిగా తోచి ఉండవచ్చు కానీ అందులో అర్థం ఉంది.

మరి గడ్డ తీశాక రక్తం తిరిగి వచ్చింది కదా అంటారు. పెద్ద ధమని తెరుచుకోవడం వేరు, కణజాలానికి రక్తం అందడం వేరు. పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ క్లియర్ చేసినా లోపలి గల్లీల్లో బండ్లు అడ్డంగా నిలిచిపోయి ఉంటే ఇంటికి చేరలేనట్టే, పెద్ద ధమనిలో ప్రవాహం మొదలైనా కేశనాళికలు మూసుకునే ఉండవచ్చు. కుందేళ్ల మెదడులో ఈ సంగతిని 1968లోనే గమనించారు. అందుకు కారణాలు తరువాతి కాలంలో ఒక్కొక్కటే బయటపడ్డాయి. నాళాన్ని చుట్టుకుని ఉన్న పెరిసైట్లు ఆక్సిజన్ అందనప్పుడు బిగుసుకుపోతాయి, కొన్ని ఆ బిగువులోనే చచ్చిపోతాయి, దాంతో రక్తం తిరిగి వచ్చాక కూడా అక్కడ నాళం సన్నగానే ఉండిపోతుంది. కేశనాళిక వెడల్పు 5 నుంచి 6 మైక్రోమీటర్లు మాత్రమే. ఎర్ర రక్తకణం సులువుగా మడత పడి జారిపోతుంది కానీ, దానికంటే పెద్దదీ బిరుసైనదీ అయిన న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం అక్కడ ఇరుక్కుని దారి మూసేస్తుంది. దీనికి తోడు, ఆక్సిజన్ ఒక్కసారిగా తిరిగి వచ్చిన చోట ఫ్రీ రాడికల్స్ పుట్టి, అప్పటికే నీరసించిన గోడను ఇంకా దెబ్బతీస్తాయి.

ఇది చదివి గడ్డ తీయించడమే పొరపాటేమోనని అనుకోవద్దు. 2015లో వరుసగా వెలువడిన ఐదు క్లినికల్ ట్రయల్స్‌లో, పెద్ద ధమని పూడుకున్నవారిలో గడ్డను లాగేయడం వల్ల స్వతంత్రంగా బతకగలిగే స్థితికి చేరినవారి సంఖ్య స్పష్టంగా పెరిగింది. పక్షవాతం వైద్యంలో ఆ స్థాయి ఫలితం ఇచ్చినవి చాలా తక్కువ. మన నగరానికి సంబంధించిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. నిమ్స్ వైద్యులు నమోదు చేసిన హైదరాబాద్ రోగుల వివరాల్లో, మెడలోని ధమనుల కంటే పుర్రె లోపలి ధమనుల్లో కొవ్వు పేరుకుని పూడుకోవడం ఎక్కువగా కనిపించింది. అలాంటి చోట గడ్డ తీసినా కింద ధమని గోడ గరుకుగా, ఇరుకుగానే ఉంటుంది కాబట్టి, అదే చోట మళ్లీ గడ్డ కట్టే అపాయాన్ని ఇక్కడి వైద్యులు ఎక్కువగా లెక్కలోకి తీసుకోవలసి వస్తుంది.

మూడో రోజుకు వద్దాం. గోడ కారడం మొదలయ్యాక రక్తంలోని నీరు, ప్రొటీన్లు మెదడు కణాల మధ్యకు దిగుతాయి. ఈ వాపు మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య పతాక స్థాయికి చేరుతుంది. పుర్రె సాగేది కాదు. ఒక వైపు ఉబ్బితే మెదడు రెండో వైపుకు, కిందికి నెట్టుకుపోతుంది. మీ మామగారికి వచ్చిన మగత అలాంటి ఒత్తిడి వల్ల వచ్చి ఉండవచ్చు. మానిటాల్ ఇచ్చి నీరు లాగడం అందుకే. అది చాలనప్పుడు పుర్రె ఎముకలో పెద్ద ముక్కను తాత్కాలికంగా తీసి మెదడుకు చోటిచ్చే ఆపరేషన్ ఉంది. 60 ఏళ్ల లోపువారిలో 48 గంటల లోపల ఈ ఆపరేషన్ చేస్తే ఏమవుతుందో చూసిన మూడు ట్రయల్స్‌ను 2007లో కలిపి లెక్కిస్తే, ఏడాది తరువాత బతికి ఉన్నవారు ఆపరేషన్ చేసిన వర్గంలో 78 శాతం, చేయని వర్గంలో 29 శాతం. బతికినవారిలో చాలామందికి వైకల్యం మిగిలిందన్న మాట కూడా ఆ లెక్కతో పాటే చెప్పాలి. మీ మామగారికి ఆ అవసరం రాకుండా మానిటాల్‌తోనే తగ్గిందన్నారు, సంతోషం.

ఈ మూడో రోజు మెదడు చేతిలో ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. దెబ్బతిన్న వైపు మడతలు చదునై, వాటి మధ్య గాడులు పూడుకుపోయి, పాలిపోయి మెత్తగా ఉంటుంది. కోసి చూస్తే బూడిద రంగు పొర ఎక్కడ ముగిసిందో, తెల్ల భాగం ఎక్కడ మొదలైందో గీత తెలియదు. అదే చోటి నుంచి పలుచని పొర తీసి రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే, న్యూరాన్లు ముడుచుకుపోయి ఎర్రగా కనిపిస్తాయి, వాటి కేంద్రకాలు నల్లటి చుక్కల్లా మిగిలి ఉంటాయి. చిన్న నాళాల గోడ లోపలి అంచు వెంబడి న్యూట్రోఫిల్స్ బారులు తీరి ఉంటాయి; కొన్ని గోడ మధ్యలో, కొన్ని నాళం చుట్టూ ఉన్న సన్నని ఖాళీలో. మెదడు కణజాలంలోకి లోతుగా చొచ్చుకుపోయినవి, కొత్తగా చూసేవాళ్లు ఊహించుకునేటంత ఎక్కువ ఉండవు. ఇదే నేను విద్యార్థులకు పదే పదే చూపించేవాణ్ణి: న్యూట్రోఫిల్ హాని చేయడానికి మెదడు లోపలికి రానక్కర్లేదు, గోడ మీద కూర్చుని ఎంఎంపీ-9 వదిలితే చాలు.

ఆ న్యూట్రోఫిల్స్‌ను పిలిచిందెవరు? మొట్టమొదట స్పందించేవి మెదడులోనే కాపురం ఉండే మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలు. ఇవి పిండ దశలోనే పచ్చసొన సంచి నుంచి వచ్చి మెదడులో స్థిరపడ్డ కణాలు. చచ్చిపోతున్న న్యూరాన్లలోంచి ఏటీపీ, హెచ్‌ఎంజీబీ1 వంటివి బయటికి కారతాయి. కణం లోపల ఉండవలసినవి కణం బయట కనిపించడమే మైక్రోగ్లియాకు ప్రమాద సూచన. సూక్ష్మజీవులను పసిగట్టడానికి ఉన్న టీఎల్ఆర్-4 వంటి గ్రాహకాలే హెచ్‌ఎంజీబీ1 వంటివాటినీ పసిగడతాయి. అక్కడ ఒక్క బ్యాక్టీరియా కూడా లేకపోయినా, ఉన్నప్పుడు జరిగే తతంగమంతా జరుగుతుంది. మైక్రోగ్లియా ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్ అనే సంకేత ప్రొటీన్లను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో ఎండోథీలియల్ కణాలు తమ లోపలి ముఖం మీద సెలెక్టిన్లు, ఐక్యామ్-1 అనే పట్టుకునే ప్రొటీన్లను నిలబెడతాయి. రక్తంలో పోతున్న న్యూట్రోఫిల్ ముందు సెలెక్టిన్‌కు తగులుకుని నెమ్మదిస్తుంది, తరువాత ఐక్యామ్-1ను పట్టుకుని ఆగిపోతుంది. కొన్ని గంటల్లో మొదలయ్యే ఈ రాక ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా పెరుగుతుంది. న్యూట్రోఫిల్స్ తమ డీఎన్ఏనే వలలా బయటికి విసురుతాయి కూడా; ధమనుల్లోంచి తీసిన గడ్డలను పరీక్షించినప్పుడు ఆ వలలు వాటిలోనూ కనిపించాయి, అవి ఉన్న గడ్డ ఇంజెక్షన్‌కు తేలికగా కరగదు.

ఈ న్యూట్రోఫిల్స్ ఎక్కడి నుంచి వస్తాయన్నదాని మీద 2018లో ఒక ముచ్చటైన సంగతి బయటపడింది. కాళ్ల ఎముకల మజ్జలో తయారై రక్తంలో తిరిగి తిరిగి వస్తాయనే అప్పటిదాకా అనుకునేవాళ్లం. ఎలుకల్లో పక్షవాతం తెప్పించి, పుర్రె ఎముక మజ్జలోని కణాలకు ఒక రంగు, కాలి ఎముక మజ్జలోని కణాలకు మరొక రంగు పట్టించి చూస్తే, మెదడుకు చేరినవాటిలో పుర్రె వాటా ఎక్కువగా తేలింది. పుర్రె లోపలి పొర గుండా మెదడు పై పొరల్లోకి తెరుచుకునే సన్నని కాలువలు ఉన్నాయని కూడా అప్పుడే చూశారు. మనుషుల పుర్రెలోనూ అలాంటి కాలువలు కనిపించాయి. ఇన్ని వందల ఏళ్లుగా కోసి చూస్తున్న పుర్రెలో దారులు ఇన్నాళ్లు కంటపడకపోవడం నాకైతే ఇప్పటికీ వింతే.

న్యూట్రోఫిల్స్ తరువాతి వంతు మోనోసైట్లు అనే మరో రకం తెల్ల రక్తకణాలది. మూడో రోజు నుంచి వారం దాకా ఇవి పెద్ద సంఖ్యలో వచ్చి, శిథిలాలను మింగే మాక్రోఫేజ్‌లుగా మారతాయి. వారం దాటిన మెదడు ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తే న్యూట్రోఫిల్స్ దాదాపు కనుమరుగై, వాటి చోట కొవ్వు మింగి నురగలా ఉబ్బిన మాక్రోఫేజ్‌లు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. అవి మింగుతున్నది చచ్చిన న్యూరాన్ల శిథిలాలను, వాటి తంతువుల మీది మైలిన్ అనే కొవ్వు తొడుగులను. ఆ శిథిలాలు తొలగకపోతే గాయం మానదు. నిన్నటిదాకా గోడను పాడుచేసిన రోగనిరోధక కణాల రెచ్చిపోవడం, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఈరోజు శుభ్రం చేసే పనిలో పడిందన్నమాట. మీ స్టెరాయిడ్ ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది.

స్టెరాయిడ్ వాడి చూడక కాదు. మెదడులో గడ్డ, అంటే ట్యూమర్, ఉన్నప్పుడు చుట్టూ వచ్చే వాపును స్టెరాయిడ్ అద్భుతంగా తగ్గిస్తుంది. ఆ నమ్మకంతోనే పక్షవాతంలోనూ ఏళ్ల తరబడి వాడారు. మరణాలు తగ్గలేదు, వైకల్యమూ తగ్గలేదు. షుగరు పెరగడం, ఇన్‌ఫెక్షన్లు పట్టుకోవడం మాత్రం దాని స్వభావంలోనే ఉన్నాయి. స్టెరాయిడ్ మొద్దు ఆయుధం కాబట్టి గురి చూసి కొట్టే మందులు కావాలనుకున్నారు. న్యూట్రోఫిల్ పట్టుకునే ఐక్యామ్-1ను కప్పేసే ఎన్‌లిమోమాబ్ అనే యాంటీబాడీని 625 మంది రోగుల్లో పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించారు: మందు తీసుకున్నవారి పరిస్థితి తీసుకోనివారి కంటే అధ్వానంగా ఉంది. అది ఎలుక కణాలతో తయారైన యాంటీబాడీ కావడం వల్ల, మనిషి ఒంట్లో అదే కొత్త ఇన్‌ఫ్లమేషన్‌ను రేపిందని తరువాత తేలింది. టి కణాలు అనే రోగనిరోధక కణాలు గోడ దాటకుండా ఆపే నటాలిజుమాబ్ అనే మందు రెండు ట్రయల్స్‌లోనూ ఆశించిన మేలు చేయలేదు. ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకునే మందు రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ సూచికలను తగ్గించింది కానీ, మూడు నెలల తరువాత రోగి కోలుకున్న తీరును మార్చలేకపోయింది.

ఎలుకల్లో పనిచేసినవి మనుషుల్లో ఎందుకు ఓడిపోయాయన్నదానికి నా ఉద్దేశంలో రెండు కారణాలు బలమైనవి. ఒకటి, ప్రయోగశాలలో పక్షవాతం తెప్పించేది సాధారణంగా పడుచు వయసులో ఉన్న, వేరే ఏ జబ్బూ లేని ఎలుకకు, మెదడు ధమనిలోకి సన్నని నైలాన్ దారం పంపి, గంటో రెండు గంటలో ఉంచి తీసేసి. పదిహేనేళ్లుగా షుగరు, బీపీ ఉన్న పెద్దాయన ధమనులు, ఆయన రోగనిరోధక కణాలు దానికి సాటిరావు. రెండోది ఇంకా లోతైనది: హాని చేసే అణువూ మరమ్మతు చేసే అణువూ చాలాసార్లు ఒకటే, మారేది సమయం. మొదటి రెండు మూడు రోజుల్లో గోడను కోసే ఎంఎంపీ-9ను అడ్డుకుంటే ఎలుకలకు మేలు జరిగింది. అదే మందును వారం తరువాత ఇస్తే కోలుకోవడం దెబ్బతింది, ఎందుకంటే కొత్త నాళాలు పెరగడానికి పాత ఆధార పొరను తెరిచి దారి చేసేది ఆ ఎంఎంపీ-9యే. వీఈజీఎఫ్ అనే పెరుగుదల ప్రొటీన్ సంగతీ అంతే: తొలి గంటల్లో అది గోడను కార్పిస్తుంది, రోజులు గడిచాక కొత్త కేశనాళికలను మొలిపిస్తుంది. రోగి ఏ గంటలో ఏ దశలో ఉన్నాడో మంచం పక్కన నిలబడి తేల్చే పరీక్ష ఇంకా మామూలు వాడుకలోకి రాలేదు. అది లేకుండా ఇన్‌ఫ్లమేషన్‌ను అణచడం ఏ రోజున మేలో, ఏ రోజున కీడో రోగి రోగికీ చెప్పలేం.

ఇప్పుడు న్యుమోనియా. మెదడు దెబ్బతిన్నప్పుడు, ఆపదలో ఒంటిని ఉరికించే సింపథెటిక్ నాడులు ఉధృతంగా పనిచేస్తాయి, అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను ఎక్కువగా వస్తుంది. వీటి ప్రభావం ప్లీహం మీద, లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల మీద పడుతుంది: రక్తంలో లింఫోసైట్ల సంఖ్య పడిపోతుంది, ప్లీహం కుంచించుకుపోతుంది, మోనోసైట్లు సూక్ష్మజీవిని పట్టి చూపించే శక్తిని కొంత కోల్పోతాయి. మీ మామగారి రక్తపరీక్ష చీటీలో మొదటి వారం లింఫోసైట్ల శాతం తక్కువగా, న్యూట్రోఫిల్స్ శాతం ఎక్కువగా ఉందేమో చూడండి; చాలామందిలో అలాగే ఉంటుంది. పక్షవాతం వచ్చిన ఎలుకలకు తమంతట తామే న్యుమోనియా రావడం, సింపథెటిక్ నాడుల ప్రభావాన్ని ఆపే ప్రొప్రనాలాల్ ఇస్తే అది తగ్గడం 2003లో చూపించారు. గోడ తెగి, మెదడు ప్రొటీన్లు రక్తంలో కలుస్తున్న రోజుల్లో రోగనిరోధక వ్యవస్థ పూర్తి బలంతో ఉంటే అది మెదడునే శత్రువుగా గుర్తుపెట్టుకునే అపాయం ఉంది కాబట్టి, ఈ తగ్గుదల ఒంటికి ఒక రక్షణ కూడా కావచ్చునని కొందరి ఊహ.

అయితే ఇమ్యూనిటీ తగ్గడం ఒక్కటే న్యుమోనియా తెప్పించలేదు. పక్షవాతంలో మింగే కండరాలు పట్టు తప్పుతాయి. ఉమ్మి, నీళ్లు, అన్నం మెతుకు ఆహారనాళంలోకి బదులు శ్వాసనాళంలోకి జారతాయి. నోట్లోని బ్యాక్టీరియా అలా ఊపిరితిత్తుల్లోకి చేరిన సమయంలోనే కాపలా పలుచబడి ఉంటుంది. ముందుగానే యాంటీబయాటిక్ ఇస్తే సరిపోదా అన్న ఆలోచనను నెదర్లాండ్స్‌లో 2,500 మందికి పైగా రోగుల్లో పరీక్షించి 2015లో ప్రకటించారు: మూత్ర సంబంధమైన ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి కానీ, రోగులు కోలుకున్న తీరు మారలేదు. అందుకే మింగగలరో లేదో పరీక్షించేదాకా నోటితో ఏమీ ఇవ్వవద్దని నర్సులు అంత గట్టిగా చెబుతారు. స్పృహ వచ్చిందన్న ఆనందంలో ఒక చెంచా కొబ్బరినీళ్లు పోసే బంధువు ప్రతి వార్డులోనూ ఒకరు ఉంటారు.

ఇప్పుడు మీరు మూడో వారంలో ఉన్నారు. ఈ దశలో మెదడులో నడుస్తున్నది ఎక్కువగా మరమ్మతే. ఆస్ట్రోసైట్లు గాయం చుట్టూ మచ్చ కట్టి ఇన్‌ఫ్లమేషన్ మంచి భాగంలోకి పాకకుండా ఆపుతాయి. అంచుల్లో కొత్త కేశనాళికలు పెరుగుతాయి. పక్షవాతం తరువాత కొంతకాలం బతికి ఆపై చనిపోయినవారి మెదళ్లను పరిశీలించి 1994లో ప్రకటించిన అధ్యయనంలో, అలాంటి నాళాలు ఎక్కువగా ఉన్నవారు ఎక్కువ కాలం బతికినట్టు కనిపించింది. రెగ్యులేటరీ టి కణాలు అనే ఒక రకం లింఫోసైట్లు ఎలుకల మెదడులో రెండు వారాల తరువాత పోగై, ఆస్ట్రోసైట్ల అతిచేష్టలను అదుపు చేస్తాయని తెలిసింది. చచ్చిన భాగాన్ని మాక్రోఫేజ్‌లు మింగేశాక అక్కడ నీరు నిండిన ఖాళీ మిగులుతుంది. మూడు నెలల తరువాత తీసే స్కాన్‌లో ఆ చోటు నల్లగా కనిపిస్తే జబ్బు ముదిరిందని కంగారుపడకండి. ఫిజియోథెరపీ, మాట నేర్పే థెరపీ ఈ నెలల్లోనే గట్టిగా సాగాలి, ఎందుకంటే పక్కనున్న న్యూరాన్లు కొత్త అల్లికలు వేసుకునే సత్తా ఇప్పుడే ఎక్కువగా ఉంటుంది.

మందుల చీటీలో సిటికోలిన్ ఉందని రాశారు. మన దగ్గర అది విరివిగా రాసే మందే. 2,298 మంది మీద జరిగి 2012లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో దానివల్ల మేలు కనిపించలేదు. ఇప్పటికే వాడుతుంటే భయపడనక్కర్లేదు కానీ, డబ్బుకు ఇబ్బందిగా ఉంటే దాన్ని కొనసాగించాలా అని డాక్టరుగారిని అడగడంలో తప్పులేదు. ఆస్పిరిన్, స్టాటిన్, బీపీ మందు, షుగరు మందు మాత్రం ఒక్కపూట కూడా తప్పించకండి. కొత్త గడ్డ రాకుండా ఆపేవి అవే.

ఇక పొడి. పైన చెప్పిన తగ్గుదల చాలామందిలో కొన్ని వారాల్లో తనంతట తానే సర్దుకుంటుంది, దాన్ని త్వరగా సర్దుతుందని రుజువైన పొడి గానీ పసరు గానీ లేదు. పైగా 'ఇమ్యూనిటీ పెంచడం' అన్నది నిజంగా జరిగితే, అది ఊపిరితిత్తుల్లో మాత్రమే పెరిగి మెదడులో పెరగకుండా ఉండే ఏర్పాటు ఏ పొడికీ లేదు. మీ మామగారు రక్తం పలుచబడే మందు మీద ఉన్నారు. కొన్ని మూలికలు దానితో కలిసి రక్తస్రావం అపాయాన్ని పెంచగలవు, డబ్బా మీద రాయకుండా స్టెరాయిడ్ కలిపిన పొడులు కూడా బజారులో పట్టుబడ్డాయి. బంధువుల మాట కాదనలేకపోతే డబ్బాను తీసుకెళ్లి వచ్చే రివ్యూలో డాక్టరుగారికి చూపించండి, అప్పటిదాకా మూత తీయకండి. ఆ రివ్యూలోనే మింగే పరీక్ష మళ్లీ చేయమని అడగండి. ఇంట్లో ఆయనకు ఏం పెట్టినా నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా చేసి, కొంచెం కొంచెంగా పెట్టండి, తిన్న తరువాత అరగంటదాకా పడుకోనివ్వకండి, పళ్లూ నోరూ రోజుకు రెండుసార్లు శుభ్రం చేయండి. తినేటప్పుడు పొలమారినా, గొంతులో గరగర వినిపించినా, మళ్లీ జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.